పేటలో నీళ్లు పడిన వార్త

పత్రికలు ప్రజాస్వామ్యానికి కళ్లు. ఆ కళ్లకు కాటుక దిద్దడానికి ఒక శాఖ ఉండి తీరాలని పెద్దలు తీర్మానించారు. 1962 వేసవిలో, రోళ్లు పగిలే ఎండలో (అప్పుడు మరే పనీ సాగదు కనుక), గురజాలలో గ్రామ విలేఖరుల వృత్తి నైపుణ్య శిక్షణ తరగతులు పెట్టారు.

రెంటచింతల పక్క పేటలో పిల్లలకు అక్షరాలు దిద్దించే ఇన్నయ్య మాస్టారు ఈ తరగతులకు పరుగెత్తింది విద్యాదాహంతో కాదు, మామూలు దాహంతోనే. పేట బావి ఎండి రెండేళ్లయింది. ఆయన తల్లి ఆరోగ్యమ్మతో సహా ఆడవాళ్లంతా కోటేశ్వర్లుగారి మోటబావి దగ్గర పడిగాపులు కాసి, పాలేరు తోడిపోస్తే పట్టుకొస్తున్నారు. బావి ఎండిన సంగతి మాస్టారు పత్రికకు ఎన్నిసార్లు రాసినా, శిక్షణ పొందిన విలేఖరి రాస్తేనే వేసుకుంటామని గుంటూరు నుంచి జవాబొచ్చింది. పేపర్లో పడితే చాలు, కొత్త బావి తవ్వుతారని మాస్టారి నమ్మకం. చదువుకున్నవాడు మరి.

పాఠాలు చెప్పేది ప్రగతి వార్తాశాఖ ఉప ప్రచారాధికారి హనుమంతరావుగారు. పుట్టి బుద్ధెరిగి ఒక్క వార్త రాయలేదు కనుక ఆయనకు ఏ పత్రిక మీదా పక్షపాతం లేదు. ఎవరి మెడలో ఎవరు దండ వేశారన్నదే వార్తకు ప్రాణమని ఆయన మొదటి పాఠం. మాస్టారు బెదురుతూనే తన బావి వార్త చూపించాడు.

“ఇది వార్త ఎట్టా అవుద్దయ్యా? బావి ఎండిందన్నావు, బానే ఉంది. ఎండటానికి అధ్యక్షత ఎవరు వహించారు?”



తర్వాతి పాఠం బస్సు గురించి. వార్తలు తీసుకుని గుంటూరు పోయే బస్సు మధ్యాహ్నమే కదులుతుంది. సభలేమో సాయంత్రం (భోజనం కాగానే మంత్రులు కళ్లు మూసుకుని ప్రజల గురించి కాసేపు ఆలోచిస్తారు). అందాకా ఆగితే వార్త పాచిపోతుంది. కనుక నైపుణ్యం గల విలేఖరి సాయంత్రం సభను పొద్దున్నే చప్పట్లతో సహా రాసేసి డ్రైవరు చేతిలో పెట్టాలి.

ఇంతలో శాఖవారికి శిష్యుడి మీద దయ కలిగి పేటకు కొత్త బావి మంజూరు చేయించారు. ఆదివారం సాయంత్రం మంత్రిగారు మొదటి గునపం పోటు వేయాలి, మర్నాటి నుంచి తవ్వకం. నాపరాయి పగలగొట్టే మనుషులు కూడా వచ్చి పేటలో దిగారు. ఆ వార్త రాసే భాగ్యం మాస్టారికే దక్కింది. పొద్దున్నే రాసి చూపిస్తే, దండలు సరిపోయాయి గానీ ప్రజల ఆనందం చాలలేదని హనుమంతరావుగారు పెదవి విరిచాడు. మాస్టారు రెండేళ్ల ఆశనంతా ఒక్క వాక్యంలో కుమ్మరించాడు. గునపం పడిన చోటే తియ్యటి నీళ్లు ఉబికాయి, పేటవాసులు కడవలు నింపుకుని మంత్రిగారికి జేజేలు పలికారు అని. బస్సు వెళ్లిపోయింది.

మంత్రిగారు రాలేదు (మాచర్లలో పెళ్లి భోజనం ఆలస్యమైందట). వార్త మాత్రం మొదటి పేజీలో వచ్చింది. శాఖవారు అది చదివి ఆనందించి, నీళ్లు పడిన బావిని మళ్లీ తవ్వడం ప్రజాధనం దుర్వినియోగమని తవ్వేవాళ్లను వెనక్కి పిలిపించారు.

మాస్టారు గురజాల పరుగెత్తి, నీళ్లూ లేవు, బావీ లేదని లబోదిబోమన్నాడు. హనుమంతరావుగారు ఓపిగ్గా అంతా విన్నాడు.

“ఖండన పంపచ్చు. కాకపోతే, అబద్ధం రాసిన విలేఖరి ఖండన పంపితే పత్రిక వేసుకోదు. నిజం రాసినోడికి ఖండనతో పనే లేదు. నువ్వు ఏ రకమో తేల్చుకుని రా నాయనా.”

తేల్చుకోలేక మాస్టారు ఇంటికొచ్చేసరికి ఆరోగ్యమ్మ ఖాళీ కడవతో గడపలో కూర్చుని ఉంది. కోటేశ్వర్లుగారు పేపరు చదివించుకుని చాలా సంతోషించాడట. మీకు సొంత బావి పడ్డాక ఇంక మా బావితో పనేముందమ్మా అని ఆడవాళ్లందరినీ మర్యాదగా పంపేశాడట. అదంతా ఉత్తదని వాళ్లు ఎంత మొత్తుకున్నా వినలేదట. మాస్టారు అంతటివాడు అచ్చులో అబద్ధం రాస్తాడా అని వాళ్లనే కోప్పడ్డాడట.

“బావి ఎండిందని రెండేళ్ల నించి రాస్తే ఒక్కడూ నమ్మలా. ఇది మాత్రం అందరూ నమ్మిరి. ఏందిరా ఇది?” అంది ఆరోగ్యమ్మ.

“శిక్షణ అయ్యిందిగదమ్మా” అన్నాడు మాస్టారు.