అరచేతికి మార్కుల్లేవు

సర్టిఫికెట్ లేని మనిషిని డ్రయ్యర్ దరిదాపులకు రానివ్వకూడదు! ఇది ఆవేశంలో అంటున్న మాట కాదు. అమెరికాలో ఈరీ అనే ఊళ్లో నూట పన్నెండు వాటాల అపార్ట్‌మెంట్ కమిటీ సెక్రటరీగా, కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుని మరీ అంటున్నాను.

మీకేమండీ, దండెం ఉంది, ఎండ ఉంది. మాకు సరస్సు మీంచి మంచు వచ్చి నెలల తరబడి కిటికీలకు అతుక్కుని కూర్చుంటుంది. బట్టలు ఆరాలంటే డ్రయ్యరే దిక్కు. అది ఊదే వేడిగాలి గోడలోని గొట్టం గుండా బయటికి పోతూ, బట్టల నూగును దారిలోనే వదిలేస్తుంది. ఆ నూగు పేరుకుంటే ఏమవుతుంది? ఏదో ఒక రోజు అంటుకుంటుంది.

ఇంత ప్రమాదకరమైన నూగును మా బిల్డింగులో పందొమ్మిదేళ్లుగా తీస్తున్నది ఎవరో తెలుసా? లొరెయిన్ పెట్కో! అరవై రెండేళ్ల మనిషి. ఆమె ఆస్తల్లా ఒక డ్రిల్లు, ఒకదానికొకటి మరలతో బిగించే కడ్డీలు, చివర ఒక బ్రష్షు. వచ్చేది, బయట గోడకు గొట్టం చివరనున్న రేకు మూత దగ్గర అరచెయ్యి పెట్టేది. "ఊఁ, రెండో వంపు దగ్గర పట్టేసింది" అనేది. తీసి చూస్తే అక్కడే ఉండేది. పందొమ్మిదేళ్లలో మా బిల్డింగులో ఒక్కసారి కూడా నిప్పు రాజుకోలేదు. ఏ ఆధారంతో రాజుకోలేదండీ? ఒక్క కాగితమైనా ఉందా?

అందుకే తీర్మానం పెట్టాను. సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియనే గొట్టాలు శుభ్రం చెయ్యాలి! చప్పట్ల మధ్య నెగ్గింది. లొరెయిన్‌కు ఏడాదిలో సగం పని మా బిల్డింగుదే. ఇది పోతే ఆమె వ్యాను షెడ్డు దాటే పనే ఉండదు.

"పందొమ్మిదేళ్లు నూగు మింగినదాన్ని. ఇప్పుడు నూగంటే ఏంటో నేర్చుకు రమ్మంటావా?" అంది.

"నేర్చుకుంటే తప్పేముంది లొరెయిన్?" అన్నాను. ఎంత హుందాగా అన్నానో మీరు చూడాల్సింది!

హైవే పక్క మోటెల్ హాల్లో రెండు రోజుల కోర్సు. పాఠం చెప్పేది ట్రెంట్ అనే ఆయన. చొక్కా జేబు మీద పేరు, పేరు వెనకాల గూడ్సు బండి పెట్టెల్లా సర్టిఫికెట్ల పొడి అక్షరాలు. మొదటి రోజంతా గుమ్మం ముందు ఎలా నిలబడాలి, బూట్లకు నీలం తొడుగులు ఎలా వేసుకోవాలి, ఎన్ని పళ్లు కనపడేలా నవ్వాలి. లొరెయిన్ మోకాళ్లు పీకుతున్నా శ్రద్ధగా రాసుకుంది. పని నిలబెట్టుకోవాలిగా మరి.

రెండో రోజు ప్రయోగం. బల్ల మీద ప్లాస్టిక్ గొట్టం, అందులో బ్రష్షు. ట్రెంట్ డ్రిల్లు నొక్కాడు.

"బాబూ, డ్రిల్లు వెనక్కి తిరుగుతోంది. మరలూడి బ్రష్షు లోపలే ఉండిపోతుంది" అంది లొరెయిన్.

"ప్రశ్నలు చివర్లో అడగండి మేడమ్."

"ఇది ప్రశ్న కాదు నాయనా."

కడ్డీ ఒక్కటే బయటికొచ్చింది. ట్రెంట్ తొణకలేదు, బెణకలేదు, తర్వాతి స్లయిడుకు వెళ్లిపోయాడు. చదువంటే అదీ!

తర్వాత పరీక్ష. ఏడో ప్రశ్న: టెక్నీషియన్ ఇంటికి రాగానే మొదట చేయవలసిన పని ఏది? లొరెయిన్ ఆలోచించనే లేదు. 'బయట చెయ్యి పెట్టి గాలి చూడటం' అన్న గడిలో టిక్కు పెట్టింది. తప్పు! మొదట చేయవలసింది నాలుగు పేజీల అంగీకార పత్రం మీద సంతకం తీసుకోవడం. ఆ ఒక్క మార్కుతో ఆమె తప్పింది.

పని ట్రెంట్‌కే ఇచ్చాం. నీలం తొడుగులు వేసుకుని, నూట పన్నెండు గొట్టాలూ రెండే రోజుల్లో ముగించి, డ్రయ్యర్ డ్రయ్యర్‌కూ ఒక బంగారు రంగు స్టిక్కర్ అంటించాడు. ఆ మెరుపు చూసి నేను ఫ్రిజ్జుకు కూడా ఒకటి అడిగాను.

ఆ తర్వాత కిరాణా కొట్లో లొరెయిన్ కనిపించింది. "నీ డ్రయ్యర్ ఎంతసేపు తీసుకుంటోంది?" అంది.

"ఇదివరకు ఒక్కసారికే ఆరేవి, ఇప్పుడు రెండుసార్లు తిప్పితే ఆరుతున్నాయి. సర్టిఫైడ్ గొట్టం కదా, దేనికీ తొందరపడదు" అన్నాను.

ఆమె నవ్వలేదు.

పోయిన శనివారం పొద్దున తువ్వాళ్లు వేశాను. కాసేపటికి మాడు వాసన. ట్రెంట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే పదకొండు పనిదినాల తర్వాత రాగలమని ఓ మర కంఠం చెప్పింది. ఇక ఎవరికి చేస్తాను?

"స్విచ్చాపు. ప్లగ్గు పీకు. వస్తున్నా" అంది లొరెయిన్.

పది నిమిషాల్లో వచ్చింది. వచ్చి గుమ్మం ముందే ఆగిపోయింది. బూట్లకు నీలం తొడుగులు వేసుకుంది. నవ్వింది. సంచీలోంచి నాలుగు పేజీలు తీసింది.

"ముందు సంతకం పెట్టండి సెక్రటరీ గారూ."

"లొరెయిన్, గోడ వేడిగా ఉంది!"

"ఏడో ప్రశ్న. పోయినసారి తప్పు రాశాను. మొదటి పేజీ మీరు పైకి చదవాలట కూడాను. చదవండి."

చదివాను. గోడకు అవతల ఎనభై ఏళ్ల రూత్ గారు పడుకుని ఉంటారు. మూడో వాక్యం దగ్గర కాగితాలు ఆమె చేతిలోకి తోసేశాను.

"ఆ కాగితాలు తగలెయ్యి! ముందు బయట చెయ్యి పెట్టి చూడు!" అని అరిచాను.

"తప్పు జవాబు" అని, అంతలోనే మంచులోకి పరుగెత్తింది.

రెండో వంపు దగ్గర పట్టేసి ఉంది. పిల్లి అంత నల్లటి నూగు ముద్ద బయటికొచ్చింది. దాని నడుమ, అంచులు కాలిన ట్రెంట్ బ్రష్షు.

నాకు సిగ్గేసింది. అవును, సిగ్గే.

"రూత్ గొట్టం కూడా చూడాలి. నాకు అర్హత లేదుగా?" అంది లొరెయిన్.

ఆమె కడ్డీలు భుజానేసుకుని నేనే ముందు నడిచి రూత్ గారి తలుపు కొట్టాను. ఆ పూట పనే కాదు, పందొమ్మిదేళ్లుగా చేసిన పనంతా మళ్లీ ఆమెదేనని కమిటీలో నేనే చెబుతాను.

వెళ్లేముందు లొరెయిన్ నా డ్రయ్యర్ మీది స్టిక్కర్ గోటితో గీకి చూసింది. రాలేదు. కత్తితో గీకింది. అయినా రాలేదు.

"ఇది మాత్రం గట్టిగా చేశాడు" అంది.