నల్ల అంచులో మామగారు

సర్దుబాబుకి ఖాళీ అంటే గిట్టదు. గిడ్డంగిలో ప్యాకింగ్ సూపర్‌వైజరు కాబట్టి, అట్టపెట్టెలో కాస్త గాలి కనిపించినా దొంగ కనిపించినట్టు ఉలిక్కిపడతాడు. ఇంట్లోనూ అంతే. బూట్లలో సాక్సులు, సాక్సుల్లో గొడుగు, గొడుగులో కరెంటు బిల్లులు.

పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు, కట్టుకున్నావిడ పెట్టింది. సంసారమంటే సర్దుకుపోవడమని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. కాకపోతే సర్దడం తన వంతు, పోవడం వస్తువుల వంతు.

హాల్లో పెద్ద టీవీ కింద సినిమాలు చూడటానికే అమర్చిన కంప్యూటరొకటి ఉంది. దాని డిస్కు నిండిపోయింది. దాంతో సర్దుబాబు సినిమాలు కుదించడం మొదలుపెట్టాడు.

“నలభై జీబీ సినిమాని నాలుగు జీబీకి తెచ్చాను. తేడా కనిపెట్టు చూద్దాం,” అన్నాడు భార్యతో.

“వాన చినుకులు చదరంగా పడుతున్నాయండీ.”

“అది పెద్దవాన.”

“హీరోయిన్‌కి ముక్కేది?”

“తొందరపడకు. తల తిప్పితే వస్తుంది.”

తల తిప్పింది. ముక్కు వచ్చింది. చెవి పక్కన వచ్చింది.

ఇంతవరకూ నవ్వులాటే. కానీ ఆ డిస్కులోనే పన్నెండు నిమిషాల ఇంటి వీడియో ఒకటుంది.

రెండేళ్ళ క్రితం పోయిన మామగారు గడియారాలు బాగుచేసేవారు. కెమెరా కనబడితే చాలు, తలుపు చాటుకి తప్పుకునేవారు. ఆయన కదులుతూ, మాట్లాడుతూ ఉన్న బొమ్మ ప్రపంచం మొత్తానికి ఇదొక్కటే. పదేళ్ళ క్రితం ఓ మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు, బావమరిది కొత్త కెమెరా మోజులో తీసింది. కుడివైపు కిటికీ వెలుతురులో అత్తగారు బట్టలు మడతపెడుతుంటారు. మామగారు అలవాటు ప్రకారం ఎడమవైపు చీకట్లో.

అత్తగారికి మొన్ననే కళ్ళ ఆపరేషనైంది. కొత్త అద్దాలు రాగానే కూతురికి ఫోను చేశారు. “ఇన్నేళ్ళూ అన్నీ మసకే. ఇప్పుడు ముందు మీ నాన్నని చూడాలే. ఆదివారం వస్తాను. మీ పెద్ద టీవీలో చూపించు.”

సర్దుబాబు మనసు వెన్న. అత్తగారు చూస్తుండగా వీడియో ఎక్కడా ఆగకుండా నున్నగా ఆడాలనుకున్నాడు. శుక్రవారం ఆఫీసుకి వెళ్తూ దాన్ని కూడా కుదించాల్సిన సినిమాల వరసలో చేర్చాడు. ఆ వరసలో అన్నిటికీ రెండు టిక్కులు. ఒకటి, నల్ల అంచులుంటే కత్తిరించెయ్యమని. రెండు, పని అవగానే అసలు ఫైలు తీసెయ్యమని.

సినిమాలకి పైనా కిందా ఉండే నల్ల పట్టీల కోసం పుట్టిన కత్తెర అది. దానికి పట్టీ ఏదో, పిల్లనిచ్చిన మామ ఎవరో ఏం తెలుసు?

శనివారం మధ్యాహ్నం భార్య ఉద్యోగం నుంచి వచ్చేలోగా వేసి చూసుకున్నాడు. కిటికీ ఉంది. అత్తగారున్నారు. ఎడమ స్పీకరులోంచి మామగారు శుభ్రంగా మాట్లాడుతున్నారు. ఎడమవైపు చూస్తే టీవీలో బొమ్మ అక్కడితో అయిపోయి, అవతల హాలు గోడ ఉంది.

డిస్కంతా గాలించాడు. అసలు ఫైలు లేదు.

మనిషి భయపడితే దేవుణ్ణి తలుచుకుంటాడు. సర్దుబాబు పాస్‌పోర్టు ఫొటోని తలుచుకున్నాడు. బీరువాలోంచి మామగారి ఫొటో తీసి, కంప్యూటర్లోకి ఎక్కించి, మౌసుతో తోసి తోసి, మూడు గంటలు చెమటోడ్చి ఎడమ మూల అతికించాడు.

ఆదివారం అత్తగారు వచ్చారు. మంచినీళ్ళయినా ముట్టకుండా టీవీ ఎదుట కూర్చుని, కొత్త అద్దాలు రెండుసార్లు తుడుచుకున్నారు. కూతురు పక్కన కూర్చుంది. సర్దుబాబు వీడియో పెట్టాడు.

మామగారు బిగదీసుకున్న కాలరుతో, నీలం గోడ ముందు, రెప్ప వాల్చకుండా ప్రత్యక్షమయ్యారు.

“అల్లుడుగారూ, మీ మామగారు నోరు తెరవకుండా మాట్లాడుతున్నారేమిటి?”

“మితభాషి కదండీ, అత్తయ్యగారూ.”

“నవ్వుతున్నారు కూడానూ. మూతి కదల్లేదు.”

“లోపల్లోపల నవ్వుకునే మనిషి.”

“మా ఇంటికి నీలం రంగు ఎప్పుడు వేయించామే?” అని కూతుర్ని అడిగారావిడ.

కూతురు మొగుడి వంక చూస్తూ కూర్చుంది. స్పీకర్లో మామగారు మళ్ళీ నవ్వారు. ఆ నవ్వుకి అత్తగారు ముందుకి వంగి, ఆ బిగుసుకున్న ముఖంలో దానికోసం వెతుక్కున్నారు. అది చూడలేక సర్దుబాబు రిమోటు అందుకున్నాడు. వీడియో ఆపేశాడు.

“ఆయన లేరండీ, అత్తయ్యగారూ. నేనే పోగొట్టాను. జాగా మిగుల్తుందని నలుపు కత్తిరించాను. ఆ నలుపులో ఆయనున్నారు.”



అప్పుడు అత్తగారు సంచిలోంచి కళ్ళద్దాల డబ్బా తీసి, అందులోంచి గోరంత మెమరీ కార్డు కూతురి చేతిలో పెట్టారు. “మా అబ్బాయి కెమెరాలోది. మీ ఇంట్లో ఉన్నది దీనికి కాపీయే నాయనా. నిన్న సాయంత్రం అమ్మాయి ఫోను చేసి తెమ్మంది.”

సర్దుబాబు నోరు, మామగారి ఫొటోలో నోటికి సరిగ్గా వ్యతిరేకంగా, తెరుచుకుపోయింది. “నీకు... తెలుసా?”

“నిన్న త్వరగా వచ్చాను. మీ వెనకే నుంచున్నాను. నాన్న మెడ మూడుసార్లు తెగ్గొట్టారు.”

“మరి చెప్పొచ్చుగా!”

“మీరు చెబుతారేమోనని చూశాను.”

 భార్య కార్డు పెట్టి, టీవీ వెలుతురు బాగా పెంచింది. ఎడమవైపు నలుపు మెల్లగా పలచబడింది. బనీనుతో, గోడకి చేరబడి మామగారు. చేతిలో మడిచిన పేపరు. విసురుతున్నారు. ఒళ్ళో ఎవరిదో తల.

సర్దుబాబు టీవీ దగ్గరికి వెళ్ళి చూశాడు. తనే. పదేళ్ళ క్రితం, తల మీద జుట్టుతో, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కరెంటు పోయిందన్న సంగతి మరిచి, నిన్నంతా పాత ఫ్యాను చప్పుడనుకున్నది తన గురక.

మామగారు కాస్త ముందుకి వంగారు. ముఖమంతా కనిపించింది. “గట్టిగా మాట్లాడకండే. అబ్బాయికి ఇప్పుడే కునుకు పట్టింది,” అని, ఆ గురక విని తనే పక్కున నవ్వేశారు.

అత్తగారు కళ్ళద్దాలు తియ్యలేదు. తుడుచుకోనూ లేదు. పన్నెండు నిమిషాలూ అలాగే చూశారు.

“మీరప్పుడు సన్నగా ఉండేవారు, అల్లుడుగారూ,” అన్నారు చివరికి.

“నాన్ననే కాదు, తనని తనే కత్తిరించుకున్నారమ్మా,” అంది కూతురు.

సర్దుబాబు కార్డు కోసం మొహమాటంగా చెయ్యి చాపాడు. “దీన్నొక్కసారి డిస్కులోకి...”

“చూడ్డానికి ఎన్నిసార్లయినా చూడండి నాయనా. దాచడం నాకు వదిలెయ్యండి,” అని అత్తగారు సోఫాలో వెనక్కి వాలారు. “ఏదీ, మళ్ళీ మొదట్నించి పెట్టు.”

ఆ మాట అన్నది కూతురితో. అది గ్రహించి, అల్లుడుగారు రిమోటు తెచ్చి భార్య చేతికిచ్చి, కింద కూర్చున్నాడు.