బోర్డు మీద వనజ బరువు

ఆ సోమవారం వనజ పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికి క్యాంపస్‌లో ఉద్యోగుల రిలే నిరాహార దీక్ష టెంటులో కూర్చోవాలి, సాయంత్రం అయిదింటికి నిమ్మరసం తాగి తార్నాకలోని ఇంటికి రావాలి. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఇరవై ఏళ్లుగా ఫైళ్లతో వేగుతున్న మనిషికి ఇదేమంత కష్టం కాదు. కష్టమల్లా టెంటు ముందు పెట్టిన బరువు మిషనుతోనే.

ఆ మిషను సంఘం నాయకుడు రాజలింగు ఆలోచన. తెలంగాణ కోసం ఉద్యోగులు ఎంత చిక్కిపోతున్నారో సర్కారుకు తెలియాలని, ప్రతి సోమవారం దీక్షకు కూర్చునేవాళ్లను తూచి బోర్డు మీద రాసేవాడు. మిగతావాళ్లు ఆదివారమంతా పస్తుండి వచ్చి పావుకిలో, అరకిలో తగ్గేవారు. వనజ మాత్రం మొదటి వారం డెబ్బై రెండు, రెండో వారం డెబ్బై రెండున్నర, మూడో వారం డెబ్బై మూడు.

పాపం, ఆమె తినేది పూటకొక జొన్నరొట్టె. అయినా ఒళ్లు పెరుగుతోంది, ముఖం ఉబ్బుతోంది, ఏప్రిల్ ఎండల్లో కూడా స్వెటర్ వేసుకోక తప్పడం లేదు. గొంతు బొంగురుపోతే నినాదాల వల్ల అన్నారు. నీరసమంటే ర్యాలీల వల్ల అన్నారు. మతిమరుపొస్తే ఉద్యమ ధ్యాస అన్నారు. వీధి చివర డాక్టరు "వయసమ్మా" అని బలం మాత్రలు రాశాడు. భర్త వెంకటేశం అయితే, "పొద్దుగాల లేస్తలేవు, నడుస్తలేవు, గంతే" అని తేల్చేశాడు. నిజంగానే సోమరిపోతునయ్యానేమోనని వనజ లోలోపల కుమిలిపోయేది.

ఇక ఆ రోజు, నాలుగో సోమవారం, ముల్లు డెబ్బై నాలుగు చూపించింది. రాజలింగు సుద్దముక్క పట్టుకుని మిషనునూ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"వనజక్కా, జర స్వెటర్ ఇప్పి మళ్ల ఎక్కు."

ఎక్కింది. ముల్లు కాస్త కదిలి, దాదాపు అక్కడే నిలబడింది.

మధ్యాహ్నం ఉపన్యాసాల మధ్య వనజకు కునుకు పట్టింది. సరిగ్గా అప్పుడే వాళ్ల పైవాటాలో ఉండే కామాక్షి వచ్చింది. గుంటూరు మనిషి. వనజ తాళంచెవులు తలుపుకే వదిలేసి పోయిందని, హబ్సిగూడ ల్యాబులో పనిచేసే భర్తకు క్యారియర్ తీసుకెళుతూ దారిలో ఆగింది. క్యారియర్ వనజ పక్కన పెట్టి, తాళాలు చేతిలో పెట్టి, భుజం తట్టి లేపింది.

రాజలింగు కంట పడింది మాత్రం ఒక ఆంధ్రావిడ, ఒక క్యారియర్, వాటి మధ్య డెబ్బై నాలుగు కిలోల వనజక్క.

"గిదా సంగతి! దీక్ష చెడగొట్టనీకి క్యారియర్లు పంపుతున్నరా?"

క్షణాల్లో విద్యార్థులు మూగారు. "కుట్రలు నశించాలి!" అన్నారు. వనజ "అది గాదు తమ్మీ" అనడానికి నోరు తెరిచింది గానీ, ఈమధ్య ఆమెకు మాట రావడమే ఆలస్యం. అంతలో నాలుగు నినాదాలయిపోయాయి, గేటు దగ్గర్నుంచి ఒక కెమెరా కూడా వచ్చేసింది.

కామాక్షికి ఒళ్లు మండి క్యారియర్ విప్పింది. "చూడండి బాబూ! దొండకాయ వేపుడు, పప్పుచారు. గరిటైనా పడలేదు. అక్కడ మా ఆయన ఆకలితో ఉన్నాడు!"

"ఇంట్ల తినవెడుతున్నవేమో!" అన్నాడు రాజలింగు.

"ఆవిడా? నేనిచ్చిన కాఫీయే సగం వదిలేస్తుంది!"

ఆ గొడవలోకే బీపీలు చూడటానికి రోజూ వచ్చే డాక్టర్ కాత్యాయని వచ్చింది. రాజలింగు ఎదురెళ్లాడు. "మేడం, ఈమె తిన్నదో లేదో రాసియ్యుండ్రి. తింటే సంఘం నుంచి తీసేస్తం."

వనజకు కళ్లనీళ్లు తిరిగాయి. "ఇరవై యేండ్ల సంది సంఘంల ఉన్న. గిప్పుడు నన్ను దొంగను జేస్తున్నరు మేడం."

డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుంది. చర్మం గరుకుగా, చల్లగా ఉంది. నాడి నిదానంగా కొట్టుకుంటోంది. చిన్న సుత్తితో మడమ వెనక కొడితే పాదం కదిలి, సర్కారు ఫైలులా తీరుబడిగా వెనక్కి వచ్చింది.

"చలేస్తుందా? జుట్టు రాలుతోందా? మలబద్ధకం ఉందా?"

అన్నింటికీ వనజ తలూపింది.

"థైరాయిడ్ పరీక్ష ఎవరైనా రాశారా?"

"లే మేడం. బలం గోలీలు రాసిర్రు."

మర్నాడు ఆస్పత్రిలో రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. అయిదు లోపు ఉండాల్సిన టీఎస్‌హెచ్ ఎనభై దాటింది. "మీ థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదు. ఇది బద్ధకం కాదమ్మా, జబ్బు. మందుంది" అంది కాత్యాయని. వనజ అక్కడే భోరున ఏడ్చేసింది. జబ్బుందని తెలిసి అంత సంతోషపడిన మనిషిని డాక్టరు కూడా చూసి ఉండదు. తోడొచ్చిన వెంకటేశం ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాడు.

రోజూ పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర, మంచినీళ్లతోనే. ఆ తర్వాత అరగంట దాకా కాఫీ కూడా కూడదు. ఆరు వారాలకు మళ్లీ రక్తపరీక్ష చేసి మోతాదు సరిచేశారు. గొంతు తేటపడింది, స్వెటర్ పెట్టెలోకి పోయింది, ముల్లు రెండు కిలోలు వెనక్కి నడిచింది. "మాఫ్ చెయ్యి అక్కా" అన్న నోటితోనే రాజలింగు విలేకరులకు బోర్డు చూపించాడు. "చూడుండ్రి, ఉద్యమం కోసం మా అక్క ఎట్ల చిక్కిపోతున్నదో!"

నోటికి రుచి తిరిగొచ్చిన వనజకు మాత్రం లేవగానే కాఫీ పడాలి. అందుకని రోజూ పొద్దున్నే మాత్ర వేయించి, గడియారం చూసుకుంటూ గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటుంది కామాక్షి. అరగంట కాగానే ఫిల్టర్ కాఫీ ఇచ్చి దీక్ష విరమింపజేసేదీ ఆ ఆంధ్రావిడే.