పొట్టిక్కల శిబిరంపై విచారణ నివేదిక

గవర్నర్‌పేట సంప్రదాయ అల్పాహార పరిరక్షణ సమితి ఆధ్వర్యంలో గత ఆదివారం జరిగిన పొట్టిక్కల శిక్షణ శిబిరం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ముఖ్య అతిథి గారి పంటి చిగురు కూడా ఇప్పుడు కులాసాగానే ఉంది.

పొట్టిక్కలంటే తెలియనిదెవరికి? పనసాకులు నాలుగు చేర్చి, ఈనె పుల్లలతో గుచ్చి బుట్ట కడతారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పట్టి ప్రాణం లేచొస్తుంది. మా సమితిలోని ఇరవై ఎనిమిది మందిలో ఒక్కరికీ ఆ బుట్ట కట్టడం రాదు. పరిరక్షణకు పూనుకున్నది అందుకే.

ఆ విద్య వచ్చిన మనిషి తెరేసమ్మ. చల్లపల్లి నుంచి వచ్చి, మా సమితి ప్రహరీ పక్కన బండి పెట్టుకుని పదకొండేళ్లుగా పొట్టిక్కలు వేస్తోంది. సంప్రదాయ సమితి గోడ పక్కన టిఫిన్ బండి ఏమిటని తీసేయించే ఆలోచనలో ఉండగా, మా అధ్యక్షులు, రిటైర్డ్ సూపరింటెండెంటు అచ్యుతరామారావు గారు పెద్ద మనసు చేసుకున్నారు. శిబిరం సవ్యంగా నడిపిస్తే బండి అక్కడే ఉండనిస్తామని కాగితం రాసిస్తానన్నారు. ఆమె ఆయనకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

ఆదివారం పొద్దున్నే గోనెసంచి నిండా పనసాకులతో వచ్చింది. మరీ లేతాకు వాలిపోద్దని, ముదురాకు విరిగిపోద్దని చెబుతూనే అర నిమిషంలో బుట్ట కట్టేసింది. మా సభ్యులకు అరగంటైనా బుట్ట నిలబడలేదు. కార్యదర్శి రమాసుందరి గారు వేలికి పుల్ల గుచ్చుకుని, ‘‘మా పూర్వీకులు ఎంత కష్టపడ్డారండీ!’’ అని కంటతడి పెట్టారు. అధ్యక్షులవారు చూడలేకపోయారు. ముప్పై నాలుగేళ్ల ఆఫీసు అనుభవం రంగరించి మూడు స్టేప్లర్లు తెప్పించారు.

‘‘అయ్యగారూ, పిన్నులొద్దండీ. పుల్లయితే కంటికి కనపడుద్ది, తీసి పారేస్తాం. పిన్ను ఊడి పిండిలో పడిద్దండీ,’’ అంది తెరేసమ్మ.

‘‘చూడమ్మా, ఈ చేత్తో ఎన్ని వేల ఫైళ్లకి పిన్ను కొట్టానో తెలుసా? ఒక్క కాగితం జారలేదు.’’

ఫైళ్లను ఎవరూ ఉడకబెట్టరు కదా అని నాకు నోటిదాకా వచ్చింది. అధ్యక్షులవారి ముందు బాగుండదని మింగేశాను.

ముఖ్య అతిథి జ్ఞానేశ్వరి గారు పోషకాహార నిపుణులు. పనసాకు మహిమ గురించి గంట మాట్లాడాలని వచ్చి, ముందుగా ఒక పొట్టిక్క రుచి చూశారు. ఆపైన ‘‘కెవ్వు’’ తప్ప మరేమీ మాట్లాడలేకపోయారు. మా సభ ఒకటి చెప్పిన వేళకంటే ముందే ముగియడం సమితి చరిత్రలో ఇదే ప్రథమం.

వెంటనే నాతో కలిపి ఐదుగురితో విచారణ సంఘం వేశాం. స్టేప్లర్లు తెప్పించిన అచ్యుతరామారావు గారికి విషయం క్షుణ్ణంగా తెలుసు కనుక ఆయన్నే అధ్యక్షులుగా ఉంచాం. తెరేసమ్మ పిన్నులు వద్దన్న మాట వాస్తవమే గానీ, రాతపూర్వకంగా అనలేదని సంఘం గుర్తించింది. శిక్షకురాలి నిర్లక్ష్యం రుజువైనందున బండి తీసేయాలని ఏకగ్రీవంగా సిఫార్సు చేసింది.

‘‘నే చెప్పాగదండీ! మీరూ అక్కడే ఉన్నారుగా బాబుగారూ, మీరైనా చెప్పండి,’’ అని ఆమె నావైపు చూసింది. గత ఆరేళ్లుగా నా పొద్దుటి టిఫిన్ ఆమె బండి దగ్గరే. సిగ్గేసింది. ఫ్యాను ఎలా తిరుగుతోందో పరిశీలించాను.

ఆమె వెళ్లాక సంతకాలు చేశాం. మూడోది నాది. తొమ్మిది పేజీల నివేదిక, కలిపి ఉంచడానికి చూస్తే స్టేప్లర్లు మూడూ ఖాళీ. పిన్నులన్నీ పొట్టిక్కలకే అయిపోయాయట. బల్ల కింద తెరేసమ్మ మరిచిపోయిన ఈనె పుల్లల కట్ట కనిపించింది. ఒకటి తీసి, ఆమె చూపించినట్టే మూలన గుచ్చాను.

ఒక్క కాగితం జారలేదు.