మొదటి లబ్ధిదారుడి గుండె

ప్రవాసుల గుండెలు ఇకమీదట పరాయి దేశంలో ఆగిపోవాల్సిన ఖర్మ లేదని ప్రవాస సంక్షేమ మంత్రిగారు ప్రకటించిన రోజున, ఆ హాల్లో ముందు వరసలో కూర్చునే భాగ్యం నాకు దక్కింది. అంత దూరం విమానంలో వచ్చి, ఏసీ మొరాయించిన హాల్లో కోటైనా విప్పకుండా ఆయన ఏకధాటిగా మాట్లాడారు. మన చెమట ఈ దేశానికి ఇచ్చినందుకు ఆయనకు అభ్యంతరం లేదట. గుండె మాత్రం మాతృభూమి సొత్తట. దానికి రిపేరు వస్తే మన గడ్డ మీద, మన ప్రభుత్వం కొత్తగా కట్టిన హృదయ విభాగంలోనే చేయించుకోవాలట. ఈ పథకానికి 'హృదయాగమనం' అని ఆయనే స్వయంగా పేరు పెట్టారు. ఆ శ్రమకు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

చప్పట్లు ఆగాక పీఏ గారు వేదిక దిగి వచ్చి, పెన్ను అడిగినంత మామూలుగా, ఇక్కడ గుండె జబ్బున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నా పక్కన కూర్చున్న మా బావ చెయ్యెత్తాడు.

బావ అంటే మా అక్క భర్త. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నేను ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన పక్కనే పనిచేస్తున్నాను. మేముండే నగరంలో ఎంతమంది పైఅంతస్తులకు క్షేమంగా చేరుతున్నారో, అదంతా ఆయన చేతి చలవ. అలాంటి మనిషి ఈ మధ్య నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడిపోతున్నాడు. అక్కడి ఆసుపత్రిలో గుండె కవాటం ఒకటి సరిగా మూసుకోవడం లేదని తేల్చి, ఆపరేషన్ కోసం వరసలో పెట్టారు. వంతు రావడానికి కొన్ని నెలలు పడుతుందన్నారు.

అక్కడి డాక్టరు మంచివాడే. కాకపోతే ఆయన చెప్పింది దుబాసీ చెప్పాలి, దుబాసీ చెప్పింది బావకు నేను చెప్పాలి. గుండె సంగతి అన్ని చేతులు మారి వచ్చేసరికి బావకు దాని మీద నమ్మకం పోయేది.

"కోసేది నన్ను. ఏం కోస్తున్నారో, ఎందుకు కోస్తున్నారో నాకు అర్థమయ్యే మాటల్లో ఒక్కసారి చెబితే చాలు. కళ్ళు మూసుకుని పడుకుంటాను" అనేవాడు.

అక్క ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆవిడ ఆలోచన వేరు. ఇక్కడ ఆలస్యమైనా డాక్టరు మొహం తెలుసు. మన దేశంలో తొందరగా అవుతుందేమో గానీ ఎవరి చేత అవుతుందో తెలియదు. ఇద్దరూ వారాల తరబడి, ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు మంచం మీద, ఇదే మాట తిప్పి తిప్పి వాదించుకునేవారు. ఆ వాదనను మంత్రిగారు ఒక్క నిమిషంలో తేల్చేశారు. బావను వేదిక మీదికి పిలిచి, గుండె మీద చెయ్యి వేసి, "ఇది మాతృభూమి కోసం కొట్టుకుంటోంది" అన్నారు. ఫొటోగ్రాఫరు దగ్గి, గుండె అటువైపు కాదు సార్, ఎడమవైపని మనవి చేసుకున్నాడు. మంత్రిగారు కెమెరా మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి జరిపారు. అంతటి ఏకాగ్రత నేను మరొకరిలో చూడలేదు.

మర్నాడు పేపర్లో మొదటి లబ్ధిదారుడిగా బావ ఫొటో పడింది. దాంతో వెళ్ళక తప్పని పరిస్థితి వచ్చింది. అక్క పీఏ గారికి ఫోన్ చేసి ఆపరేషన్ ఎవరు చేస్తారని అడిగింది.

"మంత్రిగారు స్వయంగా పర్యవేక్షిస్తారమ్మా."

"పర్యవేక్షణ సరేనండీ. కత్తి ఎవరు పట్టుకుంటారు?"

అలాంటి వివరాలు కింది స్థాయిలో చూసుకుంటారని పీఏ గారు ఎంతో ఓపిగ్గా చెప్పారు. అక్క సామాన్లు సర్దింది. ఇక్కడి ఆసుపత్రి వరసలో మన చోటు మాత్రం వదులుకునేది లేదని సర్దుతూనే చెప్పింది. బావ నవ్వాడు. ఆయనకు చాలా రోజుల తరవాత హుషారుగా ఉంది. సాయంగా నన్నూ బయల్దేరదీశాడు.

విమానాశ్రయంలో స్వాగతం ఘనంగా జరిగింది. నడిచి బయటికొచ్చిన బావను వెనక్కి తీసుకెళ్ళి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మళ్ళీ తీసుకొచ్చారు. రోగి అన్నాక రోగిలా కనిపించాలని పీఏ గారి అభిప్రాయం. కుర్చీ తోసే అదృష్టం కోసం ఇద్దరు కార్యకర్తలు పోట్లాడుకున్నారు. ఆ తోపులాటలో కుర్చీ గుమ్మానికి గుద్దుకుని బావకు మోకాలు వాచింది. హృదయ విభాగంలో అందిన మొదటి చికిత్స ఆ మోకాలికే.

హృదయ విభాగం నిజంగానే అద్దంలా మెరిసిపోతోంది. యంత్రాల మీద కప్పిన ప్లాస్టిక్ ఇంకా తియ్యలేదు. మమ్మల్ని చూడటానికి ఇన్‌చార్జి డాక్టరు వచ్చారు. బావ ఆశగా లేచి కూర్చుని, నా కవాటానికి ఏమైందో మన మాటల్లో చెప్పండి సార్ అని అడిగాడు. డాక్టరుగారు చాలాసేపు చాలా చక్కటి ఇంగ్లీషులో మాట్లాడారు. చివరికి తాను చర్మవ్యాధుల నిపుణుణ్ణనీ, గుండె డాక్టరు పోస్టు శాంక్షన్ అయింది గానీ అందులోకి డాక్టరు రావలసి ఉందనీ చెప్పారు.

"అందాకా మీరేం చేస్తారండీ?" అని అక్క అడిగింది.

"గుండె మీది చర్మం వరకూ నాదే బాధ్యతమ్మా" అన్నారాయన. మనిషి నిజాయితీపరుడు.

ఆయన పట్టుపట్టగా, పక్క ఊరి పెద్దాసుపత్రి నించి ఒక సర్జన్‌ను ఒక పూట పంపడానికి ఒప్పుకున్నారు. ఆ సర్జన్ వచ్చారు కూడా. కాని ఆపరేషన్ థియేటర్ తలుపుకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి ఉంది. దాన్ని మంత్రిగారు తప్ప ఎవరూ కత్తిరించకూడదు. మంత్రిగారికి తీరిక దొరికేది విజయోత్సవ సభ రోజునే. విజయోత్సవం ఆపరేషన్ విజయవంతమైనందుకు. రిబ్బను కత్తిరించకుండా గుండె కొయ్యడం ప్రోటోకాల్‌కి విరుద్ధమని సూపరింటెండెంట్ గారు తేల్చి చెప్పారు. సర్జన్ కిందినించి దూరి వెళతానన్నాడు గానీ, రోగిని కూడా అలా దూర్చడం ప్రభుత్వానికి అప్రతిష్ఠ అన్నారు. సర్జన్ టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బావ కారిడార్‌లో రెండడుగులు వేసి, ఆయాసంతో నేలమీద కూలబడిపోయాడు. పెదాలు నీలంగా మారాయి. అక్క ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, చుట్టూ ఉన్న కొత్త యంత్రాల వైపు ఒకసారి చూసింది. నర్సు ప్లాస్టిక్ విప్పని సిలిండర్లన్నీ వదిలేసి, పాత వార్డు నించి ఆక్సిజన్ పరుగున తెచ్చింది. ఊపిరి అందాక బావ నా వైపు చూసి, "బామ్మర్దీ, ఇక్కడ నాకు ప్రతి ముక్కా అర్థమవుతోందిరా. అదే భయంగా ఉంది" అన్నాడు.

అక్క ఫోన్ తీసి అక్కడి ఆసుపత్రితో, వాళ్ళ భాషలో తనకు వచ్చిన నాలుగు ముక్కల్లోనే మాట్లాడింది. మర్నాడు చర్మం డాక్టరే ప్రయాణానికి కావలసిన మందులు ఇచ్చి, విమానం దాకా ఆక్సిజన్ ఏర్పాటు చేయించారు. సీట్లు రెండే దొరికాయి. నేను ఆగిపోయాను.

మీరు కంగారు పడకుండా తరవాతి సంగతి ముందే చెప్పేస్తాను. దిగగానే బావను నేరుగా ఆసుపత్రిలో చేర్చుకున్నారు, పరిస్థితి చూసి వంతు ముందుకు జరిపారు. అక్క ఆ డాక్టరు ముందు కాగితం పెట్టి బొమ్మ గీసి చూపించమందట. బావ పనేమిటో తెలుసుకున్న ఆ డాక్టరు, తలుపు సరిగా మూసుకోని లిఫ్టు గీశాడట. బావకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. తలుపు పట్టాలు తప్పుగా వేశారని పెన్ను తీసుకుని దిద్ది మరీ కళ్ళు మూసుకున్నాడట. ఇప్పుడు మెట్లెక్కుతున్నాడు. లిఫ్టులో వెళ్ళమంటే వినడం లేదు.

ఇక్కడ మాత్రం విజయోత్సవానికి అన్నీ సిద్ధమై, లబ్ధిదారుడొక్కడే కరవయ్యాడు. సంగతి తెలిసి పీఏ గారు కుర్చీలో కూలబడి చెమటలు తుడుచుకున్నారు. కాసేపటికి తేరుకుని నన్ను పైనించి కిందిదాకా పరిశీలించారు.

"ఇది రోగుల సభ కాదు కదా. కోలుకున్నవాళ్ళ సభ. నువ్వు బాగానే ఉన్నావుగా?"

బాగానే ఉన్నానన్నాను. ఆ నిజమే నా కొంప ముంచింది.

సభ రోజున మంత్రిగారు రిబ్బను కత్తిరించి, ప్లాస్టిక్ తొలగించి, ఈ గదిలోనే చరిత్ర జరిగిందని ప్రకటించారు. నన్ను వేదిక మీదికి పిలిచారు. బావ పేరుతో ఎక్కి నిలబడ్డాను. మంత్రిగారు నా భుజం తట్టి, "ఎంత మారిపోయావయ్యా, అప్పటికీ ఇప్పటికీ పదేళ్ళు తగ్గిపోయావు. చూడండి, ఇదీ మన వైద్యం" అన్నారు. ఒక విలేకరి లేచి ఆపరేషన్ గాటు చూపించమన్నాడు. పీఏ గారి మొహం పాలిపోయింది. నేను గత్యంతరం లేక చొక్కా గుండీలు విప్పాను. మంత్రిగారు నున్నగా ఉన్న నా ఛాతీ వైపు చూశారు, తరవాత జనం వైపు చూశారు.

"మచ్చైనా మిగల్లేదు" అన్నారు గద్గదంగా.

హాలు దద్దరిల్లింది. చర్మం డాక్టరుగారిని బలవంతంగా వేదిక ఎక్కించి జ్ఞాపిక ఇచ్చారు. పాపం, దాన్ని ఏ చేత్తో పట్టుకోవాలో కూడా ఆయనకు తోచలేదు. అందరం వరసగా నిలబడ్డాం. ఫొటోగ్రాఫర్లు ముందుకు తోసుకొచ్చారు. మంత్రిగారు నన్ను గట్టిగా కౌగిలించుకున్నారు. అంత దగ్గరికొస్తే తెలిసింది, ఆయనకూ ఆయాసంగా ఉంది. రెండో చేత్తో మైకు మూసి, నవ్వు చెదరకుండా, నా చెవిలో అడిగారు.

"నిజం చెప్పు బాబూ, ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నావు? నాదీ నీ జబ్బే."