రుచి చూసిన టేకు

కలప అడితి గుమాస్తా తమ ఇంటికి పేపరు చదవడానికొచ్చి కుర్చీ చెయ్యి సగం తినేసి పోయాడని పక్కింటి దర్జీ భార్య వీధంతా చెప్పుకొచ్చింది. సగం అన్నది ఆవిడ కల్పన. తిన్నది బొటనవేలంత.

ఆ మాట చెవిన పడగానే గుమాస్తా భార్య మొగుణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఒంట్లో ఇనుము తగ్గితే కొందరికి కర్రా సుద్దా తినాలనిపిస్తుందనీ, మాత్రలు మింగి కర్ర మానకపోతే పేగులకు అడ్డంపడి ఆపరేషను దాకా పోతుందనీ ఆయన చెప్పాడు. మర్నాడు పొద్దున్నే సెలవడిగి, కొన్నాళ్ళు కర్ర కంటపడకుండా ఇంట్లో కూర్చోవాలని మొగుడూ పెళ్ళాం కూడబలుక్కున్నారు.

తీరా వెళ్ళేసరికి అడితి షావుకారు ఓ కాంట్రాక్టరుతో బేరంలో ఉన్నాడు. సెలవు మాట ఎలా ఎత్తాలా అని నీళ్ళు నములుతూ నిలబడ్డ గుమాస్తా చెయ్యి దానంతటదే పక్కనున్న దూలం మీదికి పోయింది. ఓ పేడు ఊడివచ్చి నోట్లోకి వెళ్ళింది.

"అతనేంటండీ, కర్ర తింటున్నాడు?" అన్నాడు కాంట్రాక్టరు.

షావుకారు కన్నార్పలేదు. "రుచి చూస్తున్నాడండీ. టేకో కాదో కంటికి తెలీకపోవచ్చు, నాలుక్కి తెలుస్తుంది. మా దగ్గర రుచి చూడంది పుల్ల కూడా బయటికి పోదు."

బేరం అక్కడికక్కడే తెగింది. సాయంత్రానికి 'రుచి చూసిన టేకు' అని బోర్డు లేచింది. గుమాస్తాకు మెత్తటి కుర్చీ, పుక్కిలించడానికి చెంబుడు నీళ్ళు అమిరాయి. సెలవంటే, వెళ్ళినవాడు మళ్ళీ రానక్కర్లేదన్నాడు షావుకారు. జనం పాత మంచాలు మోసుకొచ్చారు. కాలేజీ లెక్చరరొకాయన టేకు తీపా వగరా అని అడిగి రాసుకుపోయాడు. దర్జీ భార్య సైతం కొత్త బీరువా తలుపు పట్టుకొచ్చి, "కాస్త కొరికి చెప్పండి అన్నయ్యగారూ" అంది. ఉద్యోగం నిలిచింది గానీ గుమాస్తా పొట్ట రాయిలా గట్టిపడసాగింది.

భార్య మాత్రం పట్టు వదల్లేదు. రోజూ ఎదురుగా కూర్చుని మాత్ర మింగించింది. కొన్ని వారాలకు అది పనిచేసింది. ఓ పొద్దున అడితి గుమ్మంలో అడుగు పెట్టగానే కర్ర వాసనకు అతనికి కడుపులో తిప్పింది.

సరిగ్గా ఆ పూటే పెద్ద హోటలు కడుతున్న ఆసామి తలుపుల చెక్క కోసం వచ్చాడు. గుమాస్తా కొరికి, డోకొచ్చి ఉమ్మేశాడు. ఇంకో ముక్క ఇచ్చారు. అదీ ఉమ్మేశాడు.

"అయితే ఇది టేకు కాదన్నమాట" అని హోటలాయన లేచాడు.

షావుకారు గబుక్కున ఓ ముక్క అందుకుని కొరికి నమిలాడు. "అసలు సిసలు టేకండీ. వీడి నాలుక చెడింది. ఈ విద్య వీడికి నేర్పిందే నేను."

అలాగైతే ప్రతి చెక్కా మీరే చూడండి, నా ఎదురుగానే, అంటూ హోటలాయన మళ్ళీ కూర్చున్నాడు. లారీలోకి ఎక్కించాల్సిన చెక్కలన్నీ వరసగా షావుకారు ముందుకొచ్చాయి. చుట్టూ జనం మూగారు.

మధ్యాహ్నానికి షావుకారు పెదాలు చీరుకుపోయాయి. పళ్ళ సందుల్లోంచి పీచు లాక్కుంటూ గుమాస్తా వైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ దీన్నెలా తిన్నావురా?"

"నాదంటే జబ్బండీ" అన్నాడు గుమాస్తా.