తొమ్మిదేళ్ళ పెద్దావిడ

మనిషికి వయసు ఇవ్వడం ప్రకృతి పని. ఇచ్చిన వయసును ఒప్పుకోవడం మాత్రం ప్రాధాన్యక్రమ నిర్ధారణ విభాగం పని. రాజోలులో ఉచిత కంటి ఆపరేషన్ల శిబిరం పెట్టినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసింది.

నియమం సులువే. పెద్దవాళ్ళకు ముందు, మొదటి నలభై మందికే ఆపరేషన్. (డాక్టరు ఒక్కరే.) జాబితా కంప్యూటరు తీసింది. మొదటి పేరు చిన్ని, తొమ్మిదేళ్ళు, కళ్ళజోడు కోసం వచ్చింది. ఆఖరి పేరు, నూట ఇరవయ్యోది, చిన్ని ముత్తవ్వ పాపాయమ్మ, నూట రెండేళ్ళు.

పాపాయమ్మ మూడేళ్ళుగా చేప ముట్టలేదు. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి, ముల్లు కనపడక చారన్నంతో సరిపెట్టుకుంటోంది. మనవడు సత్యదుర్గారావు ఆ రోజుకు చేపల వేట మానుకుని ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు.

"ఇదేటండీ, మా మామ్మకంటే నా కూతురు పెద్దదా?" అన్నాడు.

ఆపరేటరు ప్రసన్న ఓపిగ్గా చెప్పింది. "ఆయ్, ఇది ఎక్స్ఎంఎల్ ఫైలండి. వయసు అంకె అని మనం చెప్పకపోతే మిషను దాన్ని మాటలాగే చదువుతుందండి. మొదటి గుర్తు చూస్తుంది. మామ్మగారి నూట రెండులో మొదటిది ఒకటి, పాపదేమో తొమ్మిది. ఒకటికంటే తొమ్మిది పెద్దది కదండీ."

"అయితే అంకె అని చెప్పెయ్యండి."

"ఒక్క లైనేనండి. సారు సంతకం కావాలండి."

సారు సుబ్రహ్మణ్యేశ్వరరావు, ఉప క్రమాధికారి. (అసలు క్రమాధికారి పోస్టు ఖాళీ.) ఆయన గంభీరంగా తల పంకించారు. "వయసు అంకె అని ఈవేళ ఒప్పుకుంటే, రేపు ఎస్టీడీ కోడూ అంకేనంటారు. ముందున్న సున్నా ఎగిరిపోతే ఎవరండీ బాధ్యులు?"

(ఆ సున్నా నొక్కి ఎవరైనా ఫోను చేసి పదిహేనేళ్ళయింది. సున్నా మాత్రం క్షేమం.)

పాపాయమ్మ అంతా విని, "ఎన్నేళ్ళంటే ముందుంటానమ్మా?" అంది.

"తొంభై తొమ్మిదండి, మామ్మగారూ. ఒక్క తొమ్మిదికంటే రెండు తొమ్మిదులు ముందండి."

"మూడేళ్ళే కదా! తీసెయ్. చేప తినని మూడేళ్ళూ నేను బతికినట్టు కాదు."

అర్జీ ఆ ప్రకారమే రాశారు. వయసు అంకేనని ఒప్పుకోలేని అధికారి, అందులోంచి మూడు తీసెయ్యడానికి వెంటనే సంతకం చేశారు. పాపాయమ్మ పేరు ఎగిరి మొదటి స్థానంలో పడింది. రెండో స్థానంలో ఉన్న చిన్నిని ఆపరేషన్‌కు పిలిస్తే, కళ్ళజోడు చాలని రాతపూర్వకంగా తప్పుకుంది.

కట్టు విప్పిన మధ్యాహ్నం పాపాయమ్మ రెండు చేపలు తింది. ముళ్ళు కంచం అంచున వరసగా పేర్చింది, పెద్దవి ముందు, చిన్నవి తరవాత. ఎవరి సంతకమూ అడగలేదు.

ఆ ఒక్క లైనూ ఇంకా మారలేదు. విభాగం సర్క్యులర్ మాత్రం వచ్చింది: ఇకపై వందేళ్ళు పూర్తిచేయదలచినవారు ముందస్తు అనుమతి పొందవలెను.